స్టేటస్ పెట్టాం సరే, పలకరించామా?

 ఈ ఎపిసోడ్ టాపిక్ కొంచెం బరువైందే. కానీ మనందరి ఫోన్లలో ఉన్నదే.

ఒక పేరున్న మనిషి చనిపోయారని వార్త వచ్చిందనుకోండి. హీరోనో, సింగరో, లీడరో. మొదటి పది నిమిషాల్లో ఏం జరుగుతుంది? ఫ్రెండ్స్ గ్రూపులో "నిజమేనా?" అని ఒక మెసేజ్. తర్వాత ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటో. తర్వాత వరసగా స్టేటస్‌లు. సాయంత్రానికి రీల్స్, వెనకాల ఆయన పాటే. రెండో రోజు గొడవ మొదలు: ఫలానా హీరో ఎందుకు రాలేదు, ఫలానా వాళ్లు ఎందుకు ట్వీట్ పెట్టలేదు? నాలుగో రోజుకి ఫీడ్‌లో ఇంకేదో ఉంటుంది.

ఇది చూసి ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట అంటారు. "పక్కింటాయన పోతే గుమ్మం దాటలేదు, ఎవరో సినిమా ఆయన పోతే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు చూడు" అని. ఆ మాటలో వెటకారం ఉంది, కొంచెం నిజం కూడా ఉంది. నా ఉద్దేశంలో ఆ కన్నీళ్లు అబద్ధం కాదు. కాకపోతే ఆ బాధ ఎక్కణ్నుంచి వచ్చింది, చివరికి ఎక్కడికి పోయింది అని వెతికితే మన గురించి మనకి చాలా తెలుస్తుంది. ఈ రోజు అదే మాట్లాడుకుందాం, మన గోదావరి జిల్లాల్లో జరిగినవి ముందు పెట్టుకుని.

మొదట 2020కి వెళ్దాం. ఆ ఏడాది ఆగస్టులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కరోనాతో చెన్నైలో హాస్పిటల్లో చేరారు. "బాగానే ఉన్నాను, కంగారు పడకండి" అన్నట్టు ఆయనే వీడియో పెట్టారు. సెప్టెంబర్ 25న వెళ్లిపోయారు. దాదాపు యాభై రోజులు. ఆ యాభై రోజులూ రోజుకో బులెటిన్, రోజుకో ఆశ.

నేనప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్లోనే ఉన్నాను. మా వీధిలో ఒకాయన ఉండేవారు, ఆయన తమ్ముడు ఆగస్టులోనే కరోనాతో పోయాడు. అప్పట్లో ఎలా జరిగేదో గుర్తుందిగా. శవాన్ని ఇంటికి తీసుకురానివ్వలేదు. నలుగురు మోసేవాళ్లు లేరు. పెద్దకర్మకి ఇంట్లో నలుగురే. వీధిలో ఎవరూ ఆ ఇంటికి వెళ్లలేదు, వాళ్లూ ఎవర్నీ రమ్మనలేదు. ఆయన కంట్లో చుక్క నీరు ఎవరూ చూడలేదు. బాలు గారు పోయిన రోజు టీవీ ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పక్క గుమ్మాల్లో ఉన్నవాళ్లకి వినపడేటట్టు.

ఆయన ఎవరి కోసం ఏడ్చారు? బాలు గారి కోసమే. తమ్ముడి కోసం కూడా. తమ్ముడి కోసం ఏడవడానికి ఆయనకి చోటు దొరకలేదు. ఇక్కడ దొరికింది. అందరూ ఏడుస్తున్నారు కాబట్టి తను ఏడిస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇలా పరిచయం లేని మనిషితో మనకి చుట్టరికం ఎలా కలుస్తుందనేది కొత్త ప్రశ్నేం కాదు. 1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అని అమెరికాలో ఇద్దరు దీని మీద ఒక పేపర్ రాశారు. టీవీ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులు. తెర మీద మనిషి మన కళ్లలోకి చూసి మాట్లాడుతుంటే, చూసేవాళ్లకి ఆయన తెలిసిన మనిషే అనిపిస్తుంది. కానీ ఆయనకి మనం తెలీదు. ఒకవైపు నుంచే నడిచే స్నేహం అది. వాళ్లు టీవీ గురించి చెప్పింది ఇప్పుడు మన జేబులోకి వచ్చేసింది. ఇప్పుడు మీరు నన్ను చూస్తున్నారు చూడండి, ఇదీ అలాంటిదే.

బాలు గారి విషయంలో ఇంకోటి ఉంది. ఆయన పాటలు మన జీవితాల్లో ఒక్కోటి ఒక్కో చోట అతుక్కుని ఉన్నాయి. నాన్న స్కూటర్ తుడుస్తూ పాడింది ఒకటి. అక్క పెళ్లి వీడియోలో వేసింది ఒకటి. ఇంజినీరింగ్ హాస్టల్లో రాత్రి రెండింటికి ఎవడో స్పీకర్లో పెట్టింది ఒకటి. పాడినాయన పోయారంటే ఆ స్కూటరూ, ఆ పెళ్లి పందిరీ, ఆ హాస్టలూ ఇక తిరిగి రావని ఎవరో ఖాయం చేసి చెప్పినట్టు ఉంటుంది. స్టార్ పోయినప్పుడు మనం సగం ఏడ్చేది మన గడిచిపోయిన రోజుల కోసం. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ సంగతి తెలుసుకుని ఏడవడం మంచిది.

రెండోది, రుణం. ఈ మాట మన ఇళ్లలో బాగా వాడతాం. "ఆయన రుణం తీర్చుకోలేం" అంటాం.

2002 మార్చి 3. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు భీమవరం నుంచి హెలికాప్టర్లో బయల్దేరారు. కైకలూరు దగ్గర అది చేపల చెరువులో కూలిపోయింది. ఆయనకి అప్పటికి యాభై ఏళ్లు. దళిత కుటుంబంలో పుట్టి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. ఆయనది ఎదుర్లంక, గోదావరి పాయల మధ్య ఊరు. లంక ఊళ్లంటే తెలుసుగా, అవతలి ఒడ్డుకి వెళ్లాలంటే పడవో పంటో ఎక్కాలి. పురిటి నొప్పులొచ్చినా, అర్జంటుగా హాస్పిటల్‌కి వెళ్లాలన్నా, పంటు వచ్చేదాకా ఆగాలి. ఇప్పుడు యానాం నుంచి ఎదుర్లంకకి గోదావరి మీద వంతెన ఉంది. దాని పేరు బాలయోగి వారధి. దాని మీద బైక్‌లో వెళ్లే కుర్రాళ్లలో చాలామంది ఆయన పోయాకే పుట్టారు. అయినా కోనసీమలో ఆయన పేరు చెబితే పెద్దవాళ్ల గొంతు మారుతుంది. ఆ దుఃఖంలో లెక్క ఉంది. "మాలో ఒకడు అక్కడిదాకా వెళ్లాడు, మమ్మల్ని మర్చిపోలేదు" అనే లెక్క.

2009 సెప్టెంబర్ 2. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కనపడకుండా పోయింది. మర్నాడు పావురాలగుట్ట మీద దొరికింది. మీ రాజకీయం ఏదైనా కావొచ్చు, ఇక్కడ ఆ గొడవ వద్దు. కానీ ఆ రోజు ఊళ్లలో ఏడ్చినవాళ్లని అడిగితే ఏం చెప్తారో చూడండి. "మా ఆయనకి ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ అయింది." "మా అబ్బాయి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివాడు." పాలసీ పేపర్లో లైన్‌గా ఉన్నది ఒక ఇంట్లో ప్రాణం అయింది, ఇంకో ఇంట్లో సర్టిఫికెట్ అయింది. మాలాంటి బీటెక్ బ్యాచ్‌లలో ఆ ఫీజు మీద చదివినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

అయితే ఇక్కడే ఆగి ఒక కష్టమైన మాట చెప్పాలి. ఆ వార్త విని గుండె ఆగి కొందరు, ప్రాణాలు తీసుకుని కొందరు చనిపోయారని అప్పుడు పేపర్లలో వరసగా వచ్చింది. ఆ లెక్కల మీద అప్పట్లోనే చాలా వాదనలు జరిగాయి. ఆ కుటుంబాల్ని కలవడానికే 2010లో ఓదార్పు యాత్ర మొదలైంది, మన జిల్లాలకీ వచ్చింది. లెక్క ఎంతైనా సరే, అలా పోయిన ఒక్కడి ఇంట్లోకి వెళ్లి చూడండి. నాయకుడి కోసం రాష్ట్రం ఏడ్చింది. ఇతని కోసం ఏడవడానికి ఇతని భార్యా పిల్లలే మిగిలారు. ఫొటో పేపర్లో ఒక్కరోజు వచ్చి ఉంటుంది. ఇంటికి కావాల్సిన బియ్యం మాత్రం ప్రతి నెలా కావాలి.

అభిమానించే మనిషి పోయాక బతకడమే అనవసరం అనిపించేంత బాధ ఎవరికైనా వస్తే, అది అభిమానానికి కొలత కాదు. లోపల ముందు నుంచీ ఉన్న వేరే బాధ ఏదో ఈ దారి పట్టిందని అర్థం. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. నంబరు సేవ్ చేసి పెట్టుకోండి, మీకు కాకపోయినా ఎవరికో పనికొస్తుంది.

దుఃఖం ఎటు వెళ్తుందనేది రాసిపెట్టి ఉండదు. పక్క రాష్ట్రం చూడండి. 2006 ఏప్రిల్‌లో కన్నడ రాజ్‌కుమార్ గారు పోయారు. బెంగళూరులో బస్సులు తగలబెట్టారు, రాళ్లు వేశారు. ఆ గొడవల్లో ఒక కానిస్టేబుల్‌తో సహా కొంతమంది చనిపోయారు. 2021 అక్టోబర్ 29న ఆయన కొడుకు పునీత్ రాజ్‌కుమార్ పోయారు, 46 ఏళ్లకే. తండ్రి కళ్లు దానం చేసినట్టే ఈయన కళ్లూ దానం చేశారు. ఆ తర్వాత కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు ఇచ్చేవాళ్లు క్యూ కట్టారు. ఊరు అదే, కుటుంబం అదే, అభిమానం కూడా అంతే. పదిహేనేళ్ల తేడాలో ఒక దుఃఖం రాళ్లయింది, ఇంకోటి ఎవరికో చూపు అయింది.

ఇప్పుడు మన రాజమండ్రికి వద్దాం. 2015 జూలై. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు. పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాట. 27 మందికి పైగా చనిపోయారు. తెల్లారకుండానే వచ్చి గేటు దగ్గర నిలబడ్డ మామూలు జనం వాళ్లు. ఎక్కువమంది ఆడవాళ్లు, పెద్దవాళ్లు. మునక వేస్తే పుణ్యం వస్తుందని చుట్టుపక్కల జిల్లాల నుంచి బస్సుల్లో, రైళ్లలో వచ్చినవాళ్లు.

అదే నెల 27. అబ్దుల్ కలాం గారు షిల్లాంగ్‌లో స్టూడెంట్లకి లెక్చర్ ఇస్తూ కుప్పకూలి చనిపోయారు. ఆ రాత్రే దేశమంతా డీపీలు మారిపోయాయి. రాజమండ్రిలో కూడా స్కూళ్లలో సంతాప సభలు, సెంటర్లలో ఫ్లెక్సీలు, కొవ్వొత్తుల ర్యాలీలు. ఆయన దానికి తగిన మనిషే, అందులో రెండో మాట లేదు.

మధ్యలో పదమూడు రోజులే. ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. కలాం గారి ఊరి పేరు చెప్పండి. రామేశ్వరం, టక్కున చెప్పేశారు. చిన్నప్పుడు పేపర్ వేసేవారని కూడా చెప్తారు. ఆ 27 మందిలో ఒక్కరి పేరు చెప్పండి.

రాలేదు కదా. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. ఇలా ఎందుకవుతుందో చూడాలి. కలాం గారు మనకి కథగా తెలుసు. ముఖం తెలుసు, జుట్టు తెలుసు, నవ్వు తెలుసు. ఘాట్ దగ్గర పోయినవాళ్లు మనకి ఒక అంకెగా వచ్చారు. అంకె కోసం ఎవరూ ఏడవలేరు. మనసు అలా పని చెయ్యదు. మర్నాటికి ఆ అంకె కాస్తా డిబేట్ అయిపోయింది: ఎవరిది తప్పు, ఎవరు రాజీనామా చెయ్యాలి. ఆ డిబేట్ అవసరమే. కానీ దాంట్లో ఆ మనుషులు లేరు. ఒకావిడ చేతి సంచిలో ఏం తెచ్చుకుంది, వస్తూ మనవరాలికి ఏం కొనుక్కొస్తానని చెప్పింది, ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మనం ఏడ్చేవాళ్లం.

కాబట్టి మనకి జాలి లేక కాదు. ఎవరి కథ మన దాకా వస్తుందో వాళ్ల కోసమే మన జాలి ఖర్చవుతుంది. ఎవరి కథ రావాలో ఇప్పుడు ఫీడ్ డిసైడ్ చేస్తోంది. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాణ్ని, ఆ లాజిక్ సింపుల్: ఎక్కువమంది ఆగి చూసినది ఇంకా ఎక్కువమందికి చూపించు. కోడ్‌కి దయ, పక్షపాతం రెండూ తెలీవు. పేరున్నవాళ్లకే ఇంకా పేరొస్తుంది, చావులో కూడా.

2027లో మళ్లీ పుష్కరాలు. అదే ఘాట్‌లో మునక వేసేటప్పుడు, ఎవరి పేరూ తెలీకపోయినా వాళ్ల కోసం ఒక దోసెడు నీళ్లు వదలొచ్చు. దానికి ఖర్చేం లేదు.

దోసెడు నీళ్లంటే గుర్తొచ్చింది. మన గోదావరి గట్టున ఒక విచిత్రం ఉంది. పితృదేవతలతో పాటు ఒక ఇంగ్లీషు ఇంజినీర్‌కి కూడా తర్పణం వదిలేవాళ్లు ఉన్నారు. కాటన్ దొర. సర్ ఆర్థర్ కాటన్.

ఆయన రాకముందు డెల్టా ఇలా లేదు. 1832, 33లో పెద్ద కరువు. 1839లో కోరంగి దగ్గర ఉప్పెన. జనం చచ్చిపోయి, వలసపోయి జిల్లా జనాభానే పడిపోయింది. గోదావరి పక్కనే పారుతోంది, పొలంలో మాత్రం నీళ్లు లేవు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలైంది, 1852కి పూర్తయింది. ఈ రోజు మనం పచ్చగా ఉందని రీల్స్ తీసుకునే ప్రతి వరిచేనూ, ప్రతి కాలవగట్టూ అక్కణ్నుంచి మొదలైనవే.

ఆయన పోయింది 1899లో, 96 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని డార్కింగ్‌లో. ఆ రోజు ఇక్కడ ట్రెండింగ్ ఏముంటుంది? కానీ ఇప్పటికీ, 120 ఏళ్లు దాటినా, మే 15న ఆయన పుట్టినరోజు చేస్తారు. ఊరూరా ఆయన విగ్రహం ఉంది. మతం వేరు, దేశం వేరు, పాలించడానికి వచ్చిన కంపెనీ మనిషి. ఆ సంగతులన్నీ తెలిసే ఆయనకి నీళ్లు వదులుతున్నారు. ఎందుకంటే తినే అన్నంలో ఆయన కనపడుతున్నాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఆనకట్ట కాటన్ ఒక్కడే కట్టలేదు. వీణెం వీరన్న అని మన మనిషి, ఆయన దగ్గర పని చేసినవాడు. కూలీల్ని కూడగట్టి, పని నడిపించినవాడు. ఆయన పేరు ధవళేశ్వరం దాటితే ఎంతమందికి తెలుసు? ఆ వీరన్న పేరైనా మిగిలింది. ఎండలో, జ్వరాల్లో రాళ్లు మోసిన వేలమంది కూలీల పేర్లు అసలు లేవు. అన్నంలో వాళ్లూ ఉన్నారు. 1852లోనూ 2015లోనూ కథ ఒకటే చూశారా? ఒక్క పేరు నిలుస్తుంది, మిగతావాళ్లు అంకె అవుతారు.

సరే, ఇదంతా తెలిశాక ఏం చెయ్యాలి? స్టార్ పోతే ఏడవడం మానెయ్యాలా? అక్కర్లేదు. మన దగ్గర దీనికి ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది.

ఎవరైనా పోతే మనం ఏమంటాం? "పలకరించి వద్దాం పదండి" అంటాం. ఆ మాట ఒకసారి ఆగి చూడండి. పలకరించేది ఎవర్ని? పోయినవాళ్లని కాదు. ఉన్నవాళ్లని. వెళ్లి అరుగు మీద కూర్చుంటాం. "ఎలా జరిగింది" అని అడుగుతాం. వాళ్లు అదే కథ పదోసారి చెప్తారు, మనం మొదటిసారి విన్నట్టే వింటాం. పొయ్యి వెలిగించని ఇంటికి పక్కింట్లోంచి కాఫీ, అన్నం వెళ్తాయి. ఇదంతా పెద్ద ఫిలాసఫీ ఏమీ కాదు. ఆ ఇంట్లో మిగిలినవాళ్లు ఒంటరైపోకుండా చూసే ఏర్పాటు.

2022 సెప్టెంబర్‌లో కృష్ణంరాజు గారు పోయారు. ఆయనది మొగల్తూరు. కాకినాడ నుంచీ, నరసాపురం నుంచీ ఎంపీగా గెలిచి, వాజ్‌పేయి గారి ప్రభుత్వంలో కేంద్రమంత్రిగా చేశారు. అంత్యక్రియలు హైదరాబాద్ దగ్గర జరిగాయి. సెప్టెంబర్ 29న మొగల్తూరులో సంస్మరణ సభ పెట్టారు. జనం పోటెత్తారు. వచ్చిన కుర్రాళ్లలో చాలామంది ప్రభాస్‌ని చూడ్డానికే వచ్చారు, కేకలు, ఈలలు, సెల్‌ఫోన్లు. "ఇదేం సంతాపం" అని బయటివాళ్లు నవ్వారు. కానీ ఆ కుటుంబం ఏం చేసిందో చూడండి. వచ్చిన వేలమందికి వంటలు చేయించింది. తండ్రిలాంటి పెదనాన్నని పోగొట్టుకున్న మనిషి, అందరూ భోజనం చేసి వెళ్లండని జనానికి చెప్తూ ఉన్నాడు. దుఃఖంలో ఉన్నవాడే వచ్చినవాళ్ల కడుపు చూశాడు. గోదావరి జిల్లాల్లో ఇది మర్యాద, ఇంకేం కాదు. మరి వచ్చినవాళ్లలో ఎంతమంది ఫోన్ కిందకి దించి "ఎలా ఉన్నారు" అన్నట్టు ఒక్క క్షణం ఆయన ముఖం వైపు చూసి ఉంటారు?

స్టేటస్‌లో అన్నీ ఉన్నాయి. ఫొటో ఉంది, పాట ఉంది, తేదీ ఉంది. పలకరింపు ఒక్కటి లేదు. అది పోయినవాళ్ల గురించి అందరికీ చెప్తుంది, ఉన్నవాళ్లతో మాత్రం ఏమీ మాట్లాడదు.

అందుకని నేను ఒక చిన్న లెక్క చెప్తాను. ఈసారి మీకు ఇష్టమైన మనిషి ఎవరైనా పోతే స్టేటస్ పెట్టండి, పాట వినండి, ఏడుపొస్తే ఏడవండి. ఆ వెంటనే కాంటాక్ట్స్ తెరిచి, ఈ ఏడాదిలో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒకరికి ఫోన్ చెయ్యండి. చావు జరిగిన వారంలో అందరూ చేస్తారు. మూడో నెల్లో ఎవరూ చెయ్యరు. ఆ మూడో నెల్లో చెయ్యండి. ఏం మాట్లాడాలో తెలీకపోతే "అన్నం తిన్నారా అండి" చాలు. మిగతాది వాళ్లే మాట్లాడతారు.

ఇంకోటి, పోయినాయన ఏ పని వల్ల మీకు ఇష్టమో దాంట్లో ఒక చిన్న ముక్క మీరు చెయ్యండి. పునీత్ ఇష్టమైతే నేత్రదానానికి పేరు రాయించండి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచండి. ఎందుకంటే కళ్లు ఆరు గంటల్లోపే తీసుకోవాలి, అప్పుడు ఫోన్ చెయ్యాల్సింది వాళ్లే. కలాం గారు ఇష్టమైతే మీ వీధిలో పదో తరగతి పిల్లాడికి లెక్కలు చెప్పండి. కాటన్ ఇష్టమైతే మీ ఊరి కాలవలో ప్లాస్టిక్ కవరు వెయ్యకండి, చాలు, ఆయనకి అదే తర్పణం.

కామెంట్లలో ఈసారి నాకు స్టార్ల పేర్లు వద్దండి. మీ ఊళ్లో పోయిన ఒక మామూలు మనిషి గురించి రాయండి. స్కూల్ దగ్గర జీళ్లు అమ్మిన మామ్మ కావొచ్చు, పంటు నడిపిన తాత కావొచ్చు. ఏం చేసేవారు, ఎలా పిలిచేవారు, రెండు లైన్లు. ఆ రెండు లైన్లతో ఆయన అంకె కాకుండా ఆగుతాడు.

ఉంటానండి. ఫోన్ పక్కన పెట్టేముందు, ఆ ఒక్క కాల్ మర్చిపోకండి.